గర్భసంచి మార్పిడి పరిశోధన: చిట్టెలుకా, ఎలుకా, గొర్రెనా?

2024లో అమెరికాలోని డాలస్ బేలర్ ఆసుపత్రి బృందం తాము చేసిన 20 గర్భసంచి మార్పిడుల ఫలితాలు ప్రకటించింది. 14 మందికి కొత్త గర్భసంచి నిలిచింది. నిలిచిన ఆ 14 మందీ కనీసం ఒక్కో బిడ్డను కన్నారు. నిలవనివి ఎక్కువగా రక్తప్రసరణ దెబ్బతిని, మొదటి రోజుల్లోనే పోయాయి. 2000లో సౌదీ అరేబియాలో చేసిన మార్పిడిలోనూ దెబ్బతిన్నది రక్తప్రసరణే. నాళాల్లో రక్తం గడ్డకట్టి 99 రోజులకు ఆ గర్భసంచిని తీసేయాల్సి వచ్చింది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో మాట్స్ బ్రెన్‌స్ట్రోమ్ బృందం 2012, 2013లలో తొమ్మిది మందికి చేస్తే రెండు పోయాయి. ఒకటి నాళాలు మూసుకుపోయి, ఇంకొకటి తగ్గని ఇన్ఫెక్షన్ వల్ల.

గర్భసంచి మార్పిడి మీద పరిశోధనకు జంతువును ఎంచుకునే ముందు ఈ లెక్కలు మనసులో పెట్టుకోండి. ఈ రంగంలో గెలుపోటములు ముందు రక్తనాళాల కుట్టు దగ్గరే తేలుతున్నాయి. చాలా థీసిస్ ప్రతిపాదనల్లో మాత్రం కుట్టు గురించి రెండు వాక్యాలుంటాయి, ఇమ్యూనాలజీ (శరీర రక్షణ వ్యవస్థ) గురించి పది పేజీలుంటాయి. కుట్టు నిలవని చేతుల్లో ఇమ్యూనాలజీ ఫలితాలకు విలువ ఉండదు. గర్భసంచి చెడిపోయింది శరీరం తిరస్కరించినందుకా, నాళం మూసుకుపోయినందుకా అన్నది చెప్పలేకపోతే ఆ జంతువు ప్రాణం వృథాగా పోయినట్టే.

పుట్టుకతోనే గర్భసంచి లేని అమ్మాయిలు సుమారు 4,500 నుంచి 5,000 మందిలో ఒకరుంటారు. కాన్పులో రక్తస్రావం ఆగక గర్భసంచి తీయించుకున్నవాళ్లు, క్యాన్సర్ వల్ల తీయించుకున్నవాళ్లు వీరికి అదనం. 2014 సెప్టెంబరులో గోథెన్‌బర్గ్‌లో, 2018 అక్టోబరులో మన పుణెలో మార్పిడి గర్భసంచిలో పెరిగిన బిడ్డలు పుట్టారంటే, దాని వెనుక ఎన్నో ఏళ్ల జంతు పరిశోధన ఉంది. గోథెన్‌బర్గ్ బృందం చిట్టెలుకతో మొదలుపెట్టి ఎలుక, పంది, గొర్రె, బబూన్ దాకా వెళ్లాకే మనిషి దగ్గరకు వచ్చింది. మనకు అన్నీ చేసే వీలుండదు. ఒకటే ఎంచుకోవాలి.

ముందు మీ ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

ఆ వాక్యం రాయగానే జంతువు సగం ఖరారైపోతుంది. తిరస్కరణ ఎలా మొదలవుతుంది, ఏ కణాలు ముందు వస్తాయి అన్నదే మీ ప్రశ్న అయితే చిట్టెలుక వైపు మొగ్గండి. మార్పిడి చేసిన గర్భసంచిలో గర్భం నిలుస్తుందా, తిరస్కరణను ఆపే మందు వేస్తూ ఉంటే పిల్లలు ఎలా పెరుగుతాయి అన్నది ప్రశ్న అయితే ఎలుక. రేపు మనుషులకు ఆపరేషన్ చేయబోయే బృందం చేయి తిప్పుకోవాలంటే గొర్రె. ఒకే జంతువు మూడింటికీ జవాబిస్తుందని రాసిన ప్రతిపాదన నా ముందుకొస్తే నేను వెనక్కి పంపుతాను.

చిట్టెలుక

ల్యాబుల్లో మౌస్ అని పిలిచే ఈ జంతువు బరువు 20 నుంచి 25 గ్రాములు. ఒంట్లో రక్తమంతా కలిపినా రెండు మిల్లీలీటర్లు ఉండదు. దూదిపుల్లలు నాలుగు తడిసి ముద్దయ్యాయంటే దాని మీద ఆశ వదులుకోవచ్చు. దీని గర్భాశయ ధమనిని నేరుగా కుట్టడం కుదిరే పని కాదు. అందుకే దాతలో ఆ ధమని వెంట వెనక్కి వెళ్తూ కటిలోని ఇలియాక్ రక్తనాళాల మీదుగా మహాధమని దాకా విడదీసి, దారిలో వచ్చే చిన్న కొమ్మలన్నీ ముడివేసి, మహాధమని, మహాసిర ముక్కలతో సహా తీస్తారు. ఆ ముక్కలను గ్రహీత మహాధమనికి, మహాసిరకు పక్కన రంధ్రం చేసి వెంట్రుక కన్నా సన్నని 11-0 నైలాన్ దారంతో కుడతారు.

గోథెన్‌బర్గ్ బృందం 2002, 2003లలో చూపించిన పద్ధతి ఇదే. సి57బిఎల్/6, సిబిఏ జాతులను కలిపి పుట్టించిన మొదటి తరం చిట్టెలుకలను వాడారు. అవన్నీ జన్యుపరంగా ఒకటే కాబట్టి తిరస్కరణ రాదు. గర్భసంచికి ఉండే రెండు కొమ్ముల్లో కుడిదాన్నీ గర్భాశయ ముఖద్వారాన్నీ మాత్రమే మార్చారు. గ్రహీత సొంత గర్భసంచిని అలాగే ఉంచారు. ఆపై రెండింటిలోనూ పిండాలు పెట్టారు. మార్చిన దాంట్లో గర్భం నిలిచి పిల్లలు పుట్టాయి. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది ఆ సొంత గర్భసంచిని ఉంచడం. ఒకే జంతువులో పోలిక దొరుకుతుంది. హార్మోన్లు, వయసు, మత్తు, మందు అన్నీ సమానం. తేడా కనిపిస్తే అది మార్పిడి వల్లే. దీనివల్ల జంతువుల సంఖ్య కూడా తగ్గుతుంది.

చిట్టెలుక బలం జన్యువుల్లో ఉంది. ఒక జన్యువును తీసేసిన జాతి కావాలన్నా, తిరస్కరణలో పాల్గొనే టి కణాలు మెరిసేలా చేసిన జాతి కావాలన్నా, ఏ ప్రోటీన్‌కైనా యాంటీబాడీ కావాలన్నా ఇందులోనే తేలిగ్గా దొరుకుతాయి.

కష్టాలు కూడా తక్కువేం కావు. గర్భసంచి అసలు చోట కాకుండా పొట్టలో వేరేచోట ఉంటుంది కాబట్టి సహజంగా కలిసి గర్భం ధరించడం ఉండదు, పిండ బదిలీ నేర్చుకోవాలి. లోపల ఊరే ద్రవం బయటికి పోయే దారి లేకపోతే కొమ్ము ఉబ్బిపోతుంది, అందుకని ముఖద్వారాన్ని పొట్ట చర్మానికి తెచ్చి కుట్టాలి. పిల్లలను కోత కోసి తీయాలి, పాలిచ్చే ఇంకో తల్లిని అదే రోజుకు సిద్ధం చేసుకోవాలి. మహాధమనిని ఎక్కువసేపు క్లాంప్ చేస్తే (బిగించి రక్తం ఆపితే) వెన్నుపాముకు రక్తం తగ్గి వెనక కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది. మత్తు నుంచి లేచి ముందుకాళ్లతో ఈడ్చుకుంటూ వచ్చే చిట్టెలుకను చూసినవాళ్లెవరూ క్లాంప్ సమయాన్ని తేలిగ్గా తీసుకోరు.

మీ ల్యాబులో చిట్టెలుక గుండె మార్పిడో, కిడ్నీ మార్పిడో ఇప్పటికే బాగా చేసే మనిషి ఉంటేనే దీన్ని ఎంచుకోండి. లేకపోతే రెండేళ్లూ కుట్టు నేర్చుకోవడానికే సరిపోతాయి.

ఎలుక: ఎక్కువమందికి నా సలహా ఇదే

రాట్ అనే పెద్ద ఎలుక బరువు 200 నుంచి 250 గ్రాములు, రక్తం 13 నుంచి 16 మిల్లీలీటర్లు. చిట్టెలుకకు పది రెట్లు పెద్దది కావడంతో కుట్టేవాడికి ఊపిరి ఆడుతుంది. దానికన్నా కొంచెం లావైన 10-0 నైలాన్ చాలు. దాత కామన్ ఇలియాక్ నాళాలను గ్రహీత కామన్ ఇలియాక్ నాళాలకు పక్కవాటుగా (చివరను పక్కకు) కుట్టవచ్చు. మహాధమనిని ముట్టుకోనక్కర లేదు కాబట్టి రెండో కాలికి రక్తం ఆగదు. మత్తు ఇవ్వడం, ఆపరేషన్ తర్వాత చూసుకోవడం కూడా సులువు.

అసలు లాభం ఇంకోటుంది. ఎలుకలో గర్భసంచిని దాని సొంత చోటే పెట్టి యోనికి కలిపి కుట్టవచ్చు. అప్పుడు మగదానితో కలిపి సహజంగా గర్భం వస్తుందో లేదో చూడవచ్చు. 2011లో గోథెన్‌బర్గ్ బృందం ఒకే జన్యువున్న ఎలుకల మధ్య మార్చి, సహజ సంగమంతో గర్భం వస్తుందని చూపింది. అంతకుముందే, 2010లో, వేరే జాతి దాత గర్భసంచిలో, తిరస్కరణను అణిచే టాక్రోలిమస్ మందు వాడుతూ గర్భం తెప్పించిన మొదటి నివేదిక వచ్చింది. 2014లో అలా పుట్టిన పిల్లల ఎదుగుదల మామూలుగానే ఉందని ప్రచురించారు. మనిషిలో వాడే మందుల్లో టాక్రోలిమస్ ముఖ్యమైనది కనుక ఈ వరస నేరుగా పనికొస్తుంది.

జాతుల ఎంపిక కూడా తేలికే. లూయిస్ అనే శుద్ధ జాతి ఎలుక నుంచి అదే జాతికి చేస్తే తిరస్కరణ లేదు. బ్రౌన్ నార్వే నుంచి గానీ డార్క్ అగూటీ నుంచి గానీ లూయిస్‌కు చేస్తే మందు లేకుండా తిరస్కరణ ఖాయం. విస్టార్ ఎలుకలు మన ల్యాబుల్లో చవకగా దొరుకుతాయి గానీ అవి శుద్ధ జాతి కాదు, ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది. తిరస్కరణ గురించి మాట్లాడాలనుకుంటే వాటితో చేయకండి. కుట్టు అభ్యాసానికి మాత్రం సరిపోతాయి.

ఎలుక ఋతుచక్రం నాలుగైదు రోజులే. యోని స్రావాన్ని స్లైడు మీద రాసి మైక్రోస్కోప్ కింద చూస్తే ఏ దశలో ఉందో పది నిమిషాల్లో తెలుస్తుంది. ఆపరేషన్ ఏ దశలో చేస్తున్నారో తప్పకుండా రాసుకోండి, ఎందుకంటే దశను బట్టి గర్భసంచి రక్తంతో నిండి ఉబ్బి ఉంటుంది, లేదా పాలిపోయి సన్నగా ఉంటుంది. గర్భకాలం 21 నుంచి 23 రోజులు. కాబట్టి ఆపరేషన్ దగ్గర నుంచి కాన్పు దాకా ఒక చక్రం రెండు మూడు నెలల్లో పూర్తవుతుంది, థీసిస్ గడువులో ఇముడుతుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. నొప్పికి బుప్రెనార్ఫిన్ ఇస్తే ఎలుకలు పంజరంలోని పొట్టు తింటాయి, కడుపు గట్టిపడి చనిపోవచ్చు. మందు మానేయడం దీనికి పరిష్కారం కాదు. నొప్పి భరించమని ఏ జంతువునూ వదలకూడదు. మొదటి రెండు రోజులు పొట్టు తీసేసి మెత్తని కాగితం గానీ గుడ్డ గానీ పరిచి ఉంచండి.

ఎలుకలో నేర్చుకోలేనిది ఒకటుంది. మనిషిలో దాత ఆపరేషన్‌ను కష్టం చేసేది గర్భాశయ ధమని కింద నుంచి పోయే మూత్రనాళం, దాని చుట్టూ అల్లుకున్న లోతైన సిరలు. గోథెన్‌బర్గ్ మొదటి దాతల ఆపరేషన్లు పది గంటలు దాటి నడిచింది అక్కడే. ఎలుకలో ఇలియాక్ నాళాలతో సహా తీసేస్తాం కాబట్టి ఆ కష్టం ఎదురుకాదు. ఎలుకలో నూరు శాతం ఫలితం వచ్చినా మనిషిలో దాత ఆపరేషన్‌కు సిద్ధమైనట్టు కాదు.

గొర్రె

గొర్రె గర్భాశయ నాళాలు మనిషి నాళాలకు దగ్గరగా ఉంటాయి. కటి లోపలి పని, చేతుల కదలిక, పరికరాలు, బృందంలో ఎవరెక్కడ నిలబడాలి అన్నవన్నీ అక్కడ నేర్చుకోవచ్చు. తన గర్భసంచినే తీసి తిరిగి అమర్చిన గొర్రెలు పిల్లలను కన్నాయని గోథెన్‌బర్గ్ బృందం 2010లో చూపింది. అంటే నాళాలు కోసి కుట్టినా గర్భం మోయగలదని తేలింది. వేరే గొర్రె గర్భసంచిలో గర్భం వచ్చిన ఉదంతాన్ని కొలంబియా బృందం 2011లో ప్రచురించింది.

మన దగ్గర దీనికి ఒక సౌకర్యం ఉంది. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశంలో మొదటి స్థానం తెలంగాణది, రెండోది ఆంధ్రప్రదేశ్‌ది. గొర్రెల మత్తు, చూలు, ఈత తెలిసిన పశువైద్యులు రాజేంద్రనగర్‌లో, తిరుపతిలో ఉన్నారు. గైనకాలజిస్టు, పశువైద్య సర్జన్ కలిసి పనిచేస్తే ఇక్కడే మంచి శిక్షణ కేంద్రం నడపవచ్చని నేను గట్టిగా నమ్ముతాను. ఒక్క మాట: మన నెల్లూరు, దక్కని గొర్రెలు యూరప్ ప్రయోగశాలల్లో వాడే జాతులకన్నా చిన్నవి. వాళ్ల కొలతలు చూసి సూదులు కొనకండి, ముందు కబేళా నుంచి రెండు మూడు గర్భసంచులు తెచ్చుకుని నాళాలు కొలవండి.

గొర్రె మాయ మనిషి మాయలాంటిది కాదు. మనిషిలో, ఎలుకలో తల్లి రక్తం మాయను నేరుగా తడుపుతుంది. గొర్రెలో మధ్యన పొరలు మిగిలి, బొత్తాల్లాంటి చోట్ల మాత్రమే అతుక్కుని ఉంటుంది. అందువల్ల పిండం అతుక్కోవడం, మాయ పనితీరు వంటి ప్రశ్నలకు గొర్రెలో దొరికిన జవాబును మనిషికి అన్వయించలేం. చూలు కాలం ఐదు నెలలు. ముఖద్వారం మడతలు మడతలుగా ఉండి లోపలికి గొట్టం దూరదు, పిండ బదిలీకి పొట్ట మీద కోత తప్పదు. ఆపరేషన్‌కు ముందు ఒక రోజు మేత ఆపకపోతే పెద్దపొట్ట ఉబ్బి ఊపిరికి అడ్డం పడుతుంది.

ఇంకో సంగతి ఎవరూ సరిగ్గా చెప్పరు. చూలు గొర్రెల మాయలో, ఉమ్మనీటిలో క్యూ జ్వరం, బ్రూసెల్లా క్రిములు ఉండవచ్చు. గర్భిణులను ఆ గదిలోకి రానివ్వకండి. గర్భం గురించి పరిశోధించే ల్యాబులో పనిచేసే అమ్మాయి గర్భానికి ముప్పు రాకూడదు. మందలో పరీక్షలు చేయించాకే కొనండి.

మిగతావి

కుందేలును లండన్ బృందం వాడింది. మహాధమని, మహాసిర పెద్ద ముక్కను కలిపి తీసి అతికించే పద్ధతిని అందులో ప్రయత్నించారు. నాళాలు కొంచెం పెద్దవే అయినా మత్తును తట్టుకోవడంలో బలహీనం, ఆపరేషన్ తర్వాత పేగులు కదలడం ఆగిపోయి చనిపోవడం సాధారణం. ముఖద్వారాలు రెండు ఉంటాయి. సంగమం జరిగితే తప్ప అండం విడుదల కాదు. ప్రత్యేక కారణం లేకపోతే నేను ఎంచుకోను.

పందిలో మంచుపెట్టెలో నిల్వ చేయడం, యంత్రంతో రక్తం తిప్పడం, తిరిగి రక్తం పారాక కలిగే నష్టం వంటివి బాగా చదవవచ్చు. గర్భం కోసమైతే వద్దు.

కోతులు శరీర నిర్మాణంలో మనకు అందరికన్నా దగ్గర. స్వీడన్ బృందం కెన్యాలో బబూన్లతో పనిచేసింది. జపాన్ బృందం 2012లో సైనోమోల్గస్ కోతిలో సొంత గర్భసంచిని తీసి తిరిగి పెట్టి బిడ్డ పుట్టినట్టు చూపింది. మనుషుల్లోనే బిడ్డలు పుడుతున్న ఈ రోజుల్లో కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కోతులను అడగడానికి తగిన కారణం నాకు కనబడదు. ఇక కుక్కలో 1966లోనే అమెరికాలో గర్భసంచి తీసి తిరిగి పెట్టి గర్భం తెప్పించారు. ఆ పని చరిత్రకే పరిమితం, ఇప్పుడు కుక్కను ఎంచుకోవాల్సిన పనిలేదు.

కుట్టు దగ్గర ఎంపికలు

ధమనిని చివరను చివరకు కుట్టాలా, చివరను పక్కకా? ఎలుకలో పక్కకే కుట్టండి. చివరకు చివర కుడితే ఆ కాలికి పోయే రక్తం ఆగుతుంది, పైగా సన్నని నాళం ముడుచుకుపోతుంది. విడివిడి కుట్లా, వరస కుట్టా అన్నదానికి నా జవాబు: ధమనికి విడివిడిగా, సిరకు వరసగా. వరస కుట్టును గట్టిగా లాగితే సిర నోరు మూసుకుంటుంది, అందుకే చివరి ముడికి ముందు కొంచెం వదులు ఉంచాలి. నిజంగా భయపడాల్సింది సిరకే. దాని గోడ తడిసిన ఉల్లిపొరలా ఉంటుంది, ఫోర్సెప్స్‌తో అంచు పట్టుకుంటే చిరుగుతుంది. అంచును పట్టుకోకుండా పక్కనున్న మెత్తటి కణజాలాన్ని పట్టుకుని తిప్పడం నేర్చుకోవాలి. రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ కలిపిన సెలైన్ చుక్కలు వేస్తూ ఉంటే నాళం నోరు తెరుచుకుని లోపలి గోడ కనిపిస్తుంది.

నాళాన్ని ప్లాస్టిక్ గొట్టం మీదికి మడిచి ముడివేసే కఫ్ పద్ధతి సమయం తగ్గిస్తుంది. గుండె మార్పిడిలో బాగా పనిచేస్తుంది కూడా. గర్భం మోసే గర్భసంచికి మాత్రం నేను కుట్టునే సూచిస్తాను. గర్భంతో పాటు రక్తప్రవాహం చాలా రెట్లు పెరుగుతుంది, గట్టి గొట్టం దానికి తగ్గట్టు సాగదు.

క్లాంప్ వదిలాక ఏం చూడాలి? బూడిద తెలుపులో ఉన్న కొమ్ము మొదట మచ్చలు మచ్చలుగా, ఆపై అంతా గులాబీ రంగుకు తిరగాలి. తెల్లగానే ఉండిపోతే ధమని దగ్గర చూడండి. నీలంగా, ఊదాగా ఉబ్బుతుంటే సిర మూసుకుంది. వెంటనే పొట్ట మూయకుండా వెచ్చని సెలైన్ తడిపిన గుడ్డ కప్పి పావుగంట ఆగండి. ఈ పావుగంటలో దొరికిన లోపాన్ని సరిచేయవచ్చు, మర్నాడు దొరికితే జంతువును కోల్పోతాం.

నేర్చుకోవడం, అనుమతులు

మొదటి కుట్లు బతికున్న జంతువు మీద వేయకండి. ముందు సన్నని సిలికాన్ గొట్టం, ఆపై చికెన్ షాపులో తెచ్చిన కోడి తొడ. తొడ కండరాల మధ్య ధమనీ సిరా పక్కపక్కనే పోతుంటాయి, మైక్రోస్కోప్ కింద పెట్టి విడదీసి కోసి కుట్టవచ్చు. కుట్టాక సిరంజితో రంగునీళ్లు పంపిస్తే కారుతుందో లేదో తెలుస్తుంది. కారకుండా వరసగా కుట్టగలిగాకే మత్తులో ఉన్న ఎలుక దగ్గరకు రండి. ఏ గైడు అయినా సరే దీన్ని దాటవేయమంటే వినకండి.

మన దేశంలో ఎలుక, చిట్టెలుక, కుందేలు ప్రయోగాలకు సంస్థలోని జంతు నైతిక సంఘం అనుమతి చాలు. గొర్రె లాంటి పెద్ద జంతువులకైతే జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ సీసీఎస్‌ఈఏ దాకా వెళ్లాలి, ఆ సమయాన్ని ముందే లెక్కలో వేసుకోండి. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో ఐసీఎంఆర్ జాతీయ జంతు వనరుల కేంద్రం ఉంది. సొంత వసతి లేనివాళ్లు అలాంటి చోట్ల భాగస్వామ్యం కోసం అడగడం మేలు. దరఖాస్తులో శిక్షణకు ఎన్ని జంతువులు, అసలు ప్రయోగానికి ఎన్ని అన్నది విడివిడిగా రాయండి. ఏ లక్షణం కనిపిస్తే జంతువును బాధపెట్టకుండా ముగిస్తారో కూడా స్పష్టంగా రాయండి.

రెండు మూడేళ్ల గడువు, ఒక మైక్రోస్కోప్, ఒక ఓపికున్న సహాయకుడు మాత్రమే ఉన్నవాళ్లకు నా వరస ఇది. లూయిస్ నుంచి లూయిస్‌కు, సొంత చోటే, కామన్ ఇలియాక్‌కు పక్కవాటుగా. పొట్ట కోసి మూసి మార్పిడి చేయని ఎలుకలు పోలికకు. కొన్ని వారాల తర్వాత పొట్ట మళ్లీ తెరిచి నాళాలు తెరుచుకుని ఉన్నాయో లేదో కళ్లారా చూడండి, గర్భసంచి ముక్కను పాథాలజీకి పంపండి. తర్వాత సంగమం, గర్భం. ఇది వరసగా నిలబడ్డాకే బ్రౌన్ నార్వే దాతలకు ఆర్డరివ్వండి, టాక్రోలిమస్ కొనండి.